ఇంప్లాంటు పళ్ళు పెట్టించుకుంటున్నారా? బ్రష్షుకి దారి చూసుకోండి!

కొత్త గిన్నె కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? లోపలికి చెయ్యి దూరుతుందా, అంచుల్లో జిడ్డు పేరుకుంటుందా అని తిప్పి తిప్పి చూస్తాం. తోమడానికి వీల్లేకపోతే ఎంత అందంగా ఉన్నా వద్దంటాం. మరి వేలకు వేలు పోసి నోట్లో పెట్టించుకునే పళ్ళ విషయంలో ఆ మాట ఎందుకు అడగం?

ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మర. స్వీడన్‌లో డాక్టర్ బ్రానెమార్క్ 1965లో మొదటిసారి ఒక రోగికి వీటిని అమర్చారు. మర మీద తొడిగే ఒక్క పన్ను క్రౌను. రెండు మూడు మరల మీద పళ్ళు కలిపి కడితే బ్రిడ్జి.

"ఇది పుచ్చదు కదా, ఇక బెంగేమిటి?" అనుకోకండి. పన్ను పుచ్చకపోయినా చుట్టూ పాచి చేరితే చిగురు వాస్తుంది. సొంత పన్నుని ఎముకతో కలిపి ఉంచే సన్నని నారపోగులు ఇంప్లాంటుకి ఉండవు. అందుకని వాపు ఎముక దాకా త్వరగా పాకుతుంది. చాలామందికి నొప్పి కూడా తెలియదు. చివరికి ఎముక కరిగి ఇంప్లాంటే ఊడిపోవచ్చు.

కాబట్టి పళ్ళు తయారుచేయించే ముందే డాక్టరుగారితో ఇవి మాట్లాడండి:

* పళ్ళ మధ్య, చిగురు దగ్గర, సందుల బ్రష్షు దూరేంత ఖాళీ ఉండాలి. అందం కోసమని పూర్తిగా మూయించకండి.

* బ్రిడ్జిలో మర లేని చోట ఉండే పన్ను అడుగు కోడిగుడ్డులా గుండ్రంగా, నున్నగా ఉండాలి. చిగురుని రెండువైపులా కప్పేస్తే లోపల శుభ్రం చేయలేరు.

* క్రౌను చిగురు దగ్గర ఒక్కసారిగా ఉబ్బకుండా, నెమ్మదిగా వెడల్పు కావాలి.

* చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు కూడా వాపు తెస్తుంది. స్క్రూతో బిగించేదైతే ఆ బాధ లేదు. అవసరమైతే డాక్టరు విప్పి శుభ్రం చేయగలరు.

ట్రయల్ రోజున అద్దం అడిగి, మీ చేత్తోనే బ్రష్షు పెట్టి చూడండి. అత్తగారికైతే ఆవిడ చేతే పెట్టించండి. చేతులు వణికేవారికి దారి ఇంకాస్త సులువుగా ఉండాలి. దూరకపోతే మొహమాటపడకండి. సరిచేయించడం అప్పుడే తేలిక.

తర్వాత రెండు పూటలా మెత్తని బ్రష్షుతో తోముకోండి. రోజుకొకసారి, తీగకి ప్లాస్టిక్ తొడుగున్న సందుల బ్రష్షు వాడండి. బ్రిడ్జి కింద సూపర్ ఫ్లాస్ దారం లాగండి. రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్త!