మంచుగడ్డపై హాకీ: కెనడా కళాశాలల ఆట మిన్నా, అమెరికావారిదా?

హాకీ అనగానే మన వాషర్‌మెన్‌పేట వారికి ఎగ్మోరులోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం గుర్తుకు వస్తుంది. 2023లో మలేషియాను 4-3తో ఓడించి మన దేశం ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ గెలిచింది అక్కడే. అయితే కెనడా, అమెరికాలలో స్థిరపడిన మన పిల్లలు ఉత్తరాలలో వ్రాసే హాకీ వేరు. అది మంచుగడ్డమీద, జోళ్ళకు ఉక్కు పలకలు బిగించుకొని ఆడే ఆట. బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్ళ. గోలుకీపరుతో కలిపి జట్టుకు ఆరుగురు. ఇరవయ్యేసి నిమిషాల మూడు భాగాలు.

ఈ ఆట పుట్టిల్లు కెనడా. 1875 మార్చి 3న మాంట్రియలులో నాలుగు గోడల మధ్య మొదటి పోటీ జరిగింది. మరి పుట్టింటి కళాశాలలే మిన్న కావాలి గదా? కాని లెక్క అంత సులువు కాదు.

అమెరికాలో కళాశాలల జాతీయ పోటీ 1948లో మొదలయింది. మొదటి విజేత మిషిగన్. కెనడా విశ్వవిద్యాలయాల కప్పు 1963లో ఆరంభమయింది. అమెరికాలో పేరున్న జట్లకు వేలమంది కూర్చునే క్రీడామందిరాలు, చదువుతోపాటు భోజన వసతులకు కూడా సరిపోయే విద్యార్థి వేతనాలు ఉన్నవి. హార్వర్డు వంటి కొన్ని సంస్థలు మాత్రం ఆటకై వేతనం ఇవ్వవు. కెనడాలో ఆటకిచ్చే సహాయం ఫీజులతోనే ఆగిపోతుంది.

అసలు తేడా వయస్సులో ఉంది. కెనడాలో నేర్పుగల కుర్రవాడు 16 ఏళ్ళకే మేజర్ జూనియర్ అనే జట్లలో చేరతాడు. అక్కడ 20 ఏళ్ళు నిండేదాకా ఆడి, వృత్తి జట్లలో చోటు దొరకనివాడు విశ్వవిద్యాలయానికి వస్తాడు. ఆడిన ఒక్కొక్క ఋతువుకు ఒక్కొక్క ఏడాది చదువు ఖర్చు ఆ జూనియర్ సంఘమే భరిస్తుంది. కనుక కెనడా కళాశాల ఆటగాడు వయస్సులో పెద్ద, ఒళ్ళు గట్టివాడు, అనుభవశాలి. అమెరికా జట్టులోనివాడు పడుచువాడు, వేగం గలవాడు, ఇంకా పైకి ఎదగవలసినవాడు. 2024లో అమెరికా కళాశాల క్రీడాకారులలో అగ్రగణ్యుడికిచ్చే హోబీ బేకర్ బహుమతి పొందిన మాక్లిన్ సెలెబ్రీనీ కెనడా కుర్రవాడే. ఆడింది బోస్టను విశ్వవిద్యాలయం తరపున. అదే సంవత్సరం వృత్తి జట్ల ఎంపికలో అందరికన్న ముందు పిలుపు అతనికే వచ్చింది.

ఎవరి స్థాయి ఎంతో తేలేది ఎదురెదురుగా కూర్చున్నప్పుడే. మన పేట అమ్మాయి కాశిమ 2024లో అమెరికాలో జరిగిన క్యారమ్ ప్రపంచ కప్పులో మూడు స్వర్ణాలు గెలిచాకనే గదా ఇక్కడి వీధుల ఆట లోకానికి తెలిసింది! హాకీలోనూ ఋతువు ఆరంభంలో కెనడా జట్లు సరిహద్దు దాటి వెళ్ళి స్నేహపోటీలు ఆడడం కద్దు. తరచు అమెరికావారిదే పైచేయి. కెనడావారు నెగ్గిన రోజులూ లేకపోలేదు. పైస్థాయి వృత్తి సంఘమైన ఎన్.హెచ్.ఎల్.లో సుమారు మూడోవంతు మంది అమెరికా కళాశాలలలో ఆడినవారు. కెనడా కళాశాలలనుండి చేరినవారు బహు కొద్దిమంది. అందుచేత మొత్తంమీద అమెరికా మెట్టు ఒకటి ఎక్కువనక తప్పదు. కాని 2023-24లో ఒక్క ఓటమీ లేకుండా కెనడా కప్పు గెలిచిన న్యూబ్రన్స్విక్ వంటి జట్టును తక్కువ అంచనా వేయరాదు.

ఇందులో తల్లిదండ్రులకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. జూనియర్ జట్టులో ఒకసారి ఆడినవాడిని వృత్తి ఆటగాడిగా లెక్కించి, అమెరికా కళాశాలలు చాలాకాలం వాకిలి మూసివేసినవి. పదహారేళ్ళ పసివాడు ఆ వయస్సులోనే రెండు దారులలో ఒకటి వదలుకోవలసి వచ్చేది. 2024 నవంబరులో ఈ నిబంధన సడలింది. 2025 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చింది. దీనితో కెనడా యువకులలో మేలైనవారు అమెరికా వైపు మొగ్గుతున్నారు. కెనడా విశ్వవిద్యాలయాల కది గట్టి దెబ్బే.

కాబట్టి మనుమడు స్కేట్లు కట్టాడని ఉత్తరం వస్తే, ఏ దేశపు జట్టు గొప్పదని అడగడం కన్న, ఆట ఆగిపోయిన నాడు చేతిలో ఏ పట్టా ఉంటుందని అడగడం పెద్దల ధర్మం. ఆ ప్రశ్నకు రెండు దేశాలలోనూ మంచి జవాబు దొరుకుతుంది.