ఎల్డర్ తాత బ్యాడ్జి తీసేసే రోజు

మా అపార్ట్‌మెంట్ నాలుగో ఫ్లోర్‌లో ఏడాదిన్నర పాటు ఓ అమెరికా జంట ఉండేది. ఆయనది తెల్ల చొక్కా, టై. ఆమెది మోకాళ్లు దాటిన స్కర్టు. ఇద్దరికీ గుండెల మీద నల్ల బ్యాడ్జి. నేను నైట్ కాల్స్ ముగించుకుని పాల ప్యాకెట్ కోసం దిగే టైమ్‌కి లిఫ్ట్‌లో కనిపించేవారు. ‘నమస్కారం’ అని ఒత్తి ఒత్తి పలికేవారు. వాచ్‌మన్ అయితే మొదటి నెలంతా వాళ్లని ఏదో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసర్లనే అనుకున్నాడు.

బ్యాడ్జి మీద ‘ఎల్డర్’, ‘సిస్టర్’ అని, పక్కన ఇంటిపేరు. దాంతో అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆయన ‘ఎల్డర్ తాత’ అయ్యారు, ఆవిడ ‘సిస్టర్ మామ్మ’ అయ్యారు. వరస కుదరకపోయినా పిలుపు కుదిరింది. మొన్నామధ్య వాళ్ల సేవాకాలం అయిపోయింది. వీడ్కోలుకి నన్నూ రమ్మన్నారు.

వైఫైతో మొదలైంది

వాళ్లు మార్మన్ మిషనరీలు. లోకం మార్మన్లు అని పిలుస్తుంది కానీ, వాళ్లు చెప్పుకునే పేరు పొడుగు: ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టిన చర్చి ఇది. హెడ్ క్వార్టర్స్ యూటాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. మన జంటది కూడా యూటానే.

ఒకరోజు వాళ్ల వైఫై ఆగిపోతే నన్ను పిలిచారు. రౌటర్ సరిచేసి, మర్యాదగా మా ఇంటికి టీకి రమ్మన్నాను. అప్పుడు అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. అల్లం దంచి మరీ టీ పెట్టింది. వాళ్లు చేతులు జోడించి వద్దన్నారు. అమ్మ ముఖం చిన్నబోయింది. 1833 నుంచి వాళ్లకో ఆరోగ్య నియమం ఉంది. టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టరు. విషయం తెలిశాక అమ్మ నిమ్మకాయ నీళ్లు కలిపి ఇచ్చి, ‘హైదరాబాద్ వచ్చి ఇరానీ చాయ్ తాగకుండా పోతారా, పాపం’ అని నాతో గొణిగింది.

సైకిళ్ల మీద జంటలుగా తిరిగే మార్మన్ కుర్రాళ్లని సినిమాల్లో చూసే ఉంటారు. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు 18 నెలలు అలా పనిచేస్తారు. రిటైరైన భార్యాభర్తలు కూడా వెళ్తారన్నది నాకు కొత్త. 6 నెలల నుంచి 23 నెలల దాకా ఉంటుంది వాళ్ల కాలం. జీతం ఉండదు. అద్దె, తిండి అన్నీ సొంత డబ్బుతోనే. ఎక్కడికి వెళ్లాలని ఉందో చెప్పుకోవచ్చు, చివరి మాట మాత్రం చర్చిదే. ఒకప్పుడు ఆ పిలుపు పోస్టులో పెద్ద తెల్ల కవర్‌లో వచ్చేది. 2018 నుంచి ఆన్‌లైన్‌లో వస్తోంది. వీళ్లు అది చదవగానే చేసిన మొదటి పని మ్యాప్‌లో హైదరాబాద్ ఎక్కడుందో వెతకడమేనట.

‘మతం మార్చడానికి వచ్చారా?’

నేను మొహమాటపడకుండా అడిగేశాను. ఆయనా మొహమాటపడలేదు. ‘మా నమ్మకం మంచిదని అనుకుంటాం. దాన్ని దాచం. మీరు అడిగితే చెబుతాం. అడక్కపోతే వైఫై గురించే మాట్లాడుకుందాం’ అన్నారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మిషనరీ అన్న మాటలోనే ఆ ఉద్దేశం ఉందని తెలుసు. ఆ విషయంలో నా అనుమానాలు నాకు ఇప్పటికీ ఉన్నాయి. కానీ నేను చూసినంతలో, చర్చి పిల్లలకు ఆయన ఇంగ్లిష్ చెప్పేవారు, రెజ్యూమెలు దిద్దేవారు. ఆవిడ కీబోర్డు నేర్పేవారు.

వాళ్లకంటే చాలా ముందే ఈ ఊరికి ఇలాంటి జంట ఒకటి వచ్చిందని కూడా ఆయనే చెప్పారు. వాళ్లు మనవాళ్లే. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు. ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉంటూ అక్కడే ఆ చర్చిలో చేరారు. 1978 చివర్లో చర్చి వాళ్లని మిషనరీలుగా సొంతూరు హైదరాబాద్‌కే పంపింది. ఆ కొద్ది నెలల్లోనే వాళ్ల బంధువులు ఇరవై మందికి పైగా చేరారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు పాస్టర్. మార్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఆయనే. ఇండియాలో ఈ చర్చి మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

ఒక రాత్రి రెండింటికి సిస్టర్ మామ్మ కారిడార్‌లో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. యూటాలో కూతురికి కాన్పు అయింది. స్క్రీన్ మీద గుప్పెడంత మనవరాలు. మామ్మ నవ్వుతూనే ఏడుస్తోంది. మన ఇళ్లల్లో కూతురి కాన్పుకి అమ్మ అమెరికా విమానం ఎక్కుతుంది. ఇక్కడ అమెరికా అమ్మ హైదరాబాద్‌లో ఉండిపోయింది. ‘మా అమ్మాయి ఏమీ అనలేదు. కానీ ఈ ఏడాదిన్నర ఖరీదులో దాని వాటా కూడా ఉంది’ అంది. నాకేం చెప్పాలో తెలియక మంచినీళ్లు తెచ్చిచ్చాను.

ఆ మర్నాడు ఎల్డర్ తాత నన్ను ఒకటి అడిగారు. ‘మీ అమ్మానాన్నలకు పని బాధ్యతలు అయిపోయాయి కదా. ఇప్పుడు వాళ్లకి ఏం చేయాలని ఉంది?’ నాన్న లెక్కల మాస్టారు, రిటైరై మూడేళ్లయింది. నెలనెలా డబ్బు పంపుతున్నాను, హెల్త్ ఇన్సూరెన్స్ కట్టాను. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఎప్పుడూ అడగలేదు.

టీ లేని వీడ్కోలు

ఆదివారం చర్చికి వెళ్లాను. అక్కడ జీతం తీసుకునే పాస్టర్ ఉండరు. బిషప్ కూడా వారమంతా తన ఉద్యోగం చేసుకునే మామూలు మనిషే. రొట్టె ముక్క, వైన్‌కి బదులు నీళ్లు పంచారు. తర్వాత ఇద్దరూ మాట్లాడారు. తాత కాగితం చూసి తెలుగు చదివారు. ‘మీరు మాకు నేర్పారు, మేం మీకు కొంచెమే నేర్పాం’ అనే వాక్యం దగ్గర గొంతు పట్టేసింది. కీబోర్డు నేర్చుకున్న పాప మళ్లీ కలిసేదాకా దేవుడు తోడుండాలని కోరే పాట వాయించింది. రెండుచోట్ల తప్పింది. మామ్మ తల ఊపుతూ తాళం అందించింది. తర్వాత అందరి ఇళ్ల నుంచీ వచ్చిన పులిహోర, చికెన్ కూర, సేమ్యా పాయసం. టీ ఫ్లాస్కు మాత్రం ఎక్కడా లేదు.

ఎయిర్‌పోర్టు క్యాబ్‌లో సూట్‌కేసులు పెడుతూ, ఇంటికెళ్లగానే ఏం చేస్తారని అడిగాను. ‘మా స్టేక్ ప్రెసిడెంట్ దగ్గరికి వెళ్తాం. సేవ పూర్తయిందని ఆయన చెప్పాక బ్యాడ్జి తీసేస్తాం. అదే కష్టం అంటారు అందరూ’ అన్నారు. మామ్మ వెంటనే, ‘నాకేం కష్టం లేదు. అటు నుంచి అటే మనవరాలి దగ్గరికి’ అంది.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఆ ప్రశ్న అడిగాను. ముందు ‘ఏమైందిరా, ఒంట్లో బాగానే ఉందా?’ అని కంగారుపడ్డారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఏజెన్సీ ఊళ్లో ఏదైనా బడిలో ఓ ఏడాది లెక్కలు చెప్పాలని ఎప్పటినుంచో ఉందట.

‘మరి వెళ్లలేదేం?’

‘నీ పెళ్లయ్యాక చూద్దాంలే అని.’

వెనక నుంచి అమ్మ, ‘ఆ అడవిలో నేనెక్కడుంటాను?’ అంటోంది. ఆ చర్చ ఇంకా తెగలేదు. పెళ్లి సంగతి నాకు వదిలేసి బడి చూసుకోండని మాత్రం చెప్పాను.

వెళ్లేముందు తాత తన అసలు పేరు చెప్పారు. నా ఫోన్‌లో మాత్రం ‘ఎల్డర్ తాత, నాలుగో ఫ్లోర్’ అనే ఉంది. మార్చబుద్ధి కాలేదు.