డోమ్ మడతపెట్టొచ్చా? అమరావతి స్తూపం, ఒరిగామి సిమ్యులేటర్, మూడు ఏ4 షీట్లు

మాది అమరావతి. రాజధాని కాదు, పల్నాడు జిల్లాలో కృష్ణ ఒడ్డున గుడి, స్తూపం ఉన్న పాత ఊరు. పోయిన నెల ఇంటికెళ్తే మా బాబాయి కూతురు స్కూల్ ప్రాజెక్ట్ ముందేసుకుని కూర్చుంది. మహాచైత్యం పేపర్ మోడల్, సోమవారానికి ఇవ్వాలి. "అన్నయ్యా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఒక్క షీట్ మడతపెట్టి డోమ్ చేసెయ్" అంది. రోజూ ఫోల్డబుల్ ఫోన్ల రివ్యూలు చూసేవాణ్ణి, ఇదెంతసేపులే అనుకున్నా. శనివారం రాత్రి మొత్తం పోయింది.

అసలు చూసి కొలుద్దామంటే ఇప్పుడక్కడ డోమ్ లేదు. మిగిలింది తక్కువ ఎత్తు దిబ్బ, దీపాలదిన్నె అనేవాళ్లు. 1816లో మెకంజీ బృందం డ్రాయింగ్‌లు గీసే నాటికే మధ్యభాగం తవ్వేశారు. ఆకారం తెలిసేది స్తూపం పలకల నుంచే. వాటి మీద శిల్పులు ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. చాలావరకు చెన్నై మ్యూజియంలో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

కింద గుండ్రటి వేదిక ఈజీ. పేపర్ పట్టీ చుడితే సిలిండర్ అయిపోతుంది. రాతితో కూడా అంతే. వేదిక వ్యాసం సుమారు 50 మీటర్లు, బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలక వెడల్పు సుమారు 86 సెంటీమీటర్లు. అన్నీ అదే వెడల్పు అనుకుంటే చుట్టూ దాదాపు 182 పలకలు పడతాయి. పక్కపక్క పలకల మధ్య మలుపు 2 డిగ్రీలే. చదును పలకకీ అసలు వలయానికీ మధ్య గ్యాప్ 4 మిల్లీమీటర్లు కూడా రాదు. కంటికి గుండ్రమే! లో పాలీ మోడలింగ్ అంటే ఇదే కదా.

డోమ్ దగ్గరే తేడా కొడుతుంది. సిలిండర్ ఒక్క దిశలో వంగుతుంది, డోమ్ రెండు దిశల్లో. సాగదీయకుండా, చింపకుండా చదును షీట్‌ని గోళం చేయలేమని 1827లో గాస్ గణితంతో తేల్చాడు. కమలాపండు తొక్కని బల్లమీద నొక్కి చూడండి, చిరుగుతుంది. అదే లెక్క.

మరి ఒరిగామి వాళ్లెలా చేస్తారు? ఎక్కువైన పేపర్‌ని మడతల్లో వెనక్కి దాచేస్తారు. అమాండా గసాయి చేసిన ఒరిగామి సిమ్యులేటర్ ఫ్రీ, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఎస్‌వీజీ ఫైల్‌లో పైకొచ్చే మడతని ఎరుపు గీతగా, లోపలికెళ్లేదాన్ని నీలం గీతగా గీసి ఇస్తే చాలు, స్లైడర్ జరుపుతుంటే మడతపడుతుంది. నాకు బాగా నచ్చింది స్ట్రెయిన్ వ్యూ. పేపర్ ఎక్కడ సాగాల్సి వస్తోందో అక్కడ రంగు నీలం నుంచి ఎరుపుకి మారుతుంది. అంటే నిజం పేపర్ అక్కడ మొరాయిస్తుందన్నమాట.

మొదట మియురా మడత పెట్టా. చదునుగా బాగా ముడుచుకుంటుంది, కానీ వంచితే గుర్రపు జీనులా తయారవుతుంది, డోమ్‌కి ఉల్టా. తర్వాత రాన్ రెష్ త్రిభుజాల ప్యాటర్న్. సగం మడిచినప్పుడు భలే ఉబ్బింది, స్క్రీన్ మీద. చేత్తో అయితే వందల మడతలు. రెండింటికి చెల్లి నిద్రపోయింది, నేను షీట్ ఉండచుట్టేశా.

చివరికి గ్లోబ్‌లు చేసే పాత పద్ధతి, తొనలు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 12 తొనలు. ఒక్కోటి అడుగున 5.24 సెంటీమీటర్ల వెడల్పు, పొడవు 15.7. పైకెళ్లేకొద్దీ వెడల్పు కొసైన్ ప్రకారం తగ్గాలి, 60 డిగ్రీల దగ్గర సరిగ్గా సగం. పైథాన్‌లో పది లైన్ల కోడ్. అడ్డంగా పెడితే ఏ4కి ఐదు తొనలు, మొత్తం మూడు షీట్లు.

ఆదివారం ప్రింట్ షాపులో 'ఫిట్ టు పేజ్' ఆన్‌లో ఉంది, నేను చూసుకోలేదు. 3 శాతం తగ్గింది. చేత్తో కోసిన వేదిక పట్టీ మాత్రం 62.8 సెంటీమీటర్లు. అతికిస్తే డోమ్ చుట్టుకొలత దాదాపు 2 సెంటీమీటర్లు తక్కువ! మళ్లీ షాపుకి. కాబట్టి ఇలాంటివి ప్రింట్ చేస్తే స్కేల్ 100 శాతం పెట్టండి, పక్కన 5 సెంటీమీటర్ల గీత గీసి స్కేలుతో కొలుచుకోండి.

పేపర్ నుంచి బిల్డింగ్‌కి వెళ్తే ఇంకో తలనొప్పి, మందం. సిమ్యులేటర్‌లో షీట్ మందం సున్నా. 3 మిల్లీమీటర్ల ప్యానెల్స్‌ని అలాగే మడిస్తే ఒకదాన్నొకటి ఢీకొంటాయి, హింజ్‌ని పక్కకి జరపాలి. ఫోన్లలోనూ ఇదే గొడవ. 2020 గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో గ్లాస్ దాదాపు 30 మైక్రాన్లకి దిగింది అందుకే. 2024లో వచ్చిన హువావే మేట్ ఎక్స్‌టీ ఒక మడత లోపలికి, ఒకటి బయటికి, అచ్చం ఎరుపు గీత, నీలం గీత. రెండూ సమాంతరం కాబట్టి గాస్ అడ్డురాలేదు. గిన్నెలా వంగే ఫోన్ కావాలంటే సాగే స్క్రీన్ ఉండాల్సిందే. బిల్డింగుల్లో చూడాలంటే 2012 నాటి అబుదాబి అల్ బహర్ టవర్స్. ఎండని బట్టి త్రిభుజాల ప్యానెల్స్ ముడుచుకుని విచ్చుకుంటాయి.

మా మోడల్‌లో 12 తొనల కొసలు పైన గజిబిజిగా కలిశాయి. అదృష్టం ఏంటంటే అక్కడే హర్మిక అనే పెట్టె వస్తుంది, కప్పేసింది. చెల్లి చూసి, "బయట రాతి కంచె ఏది అన్నయ్యా?" అంది. అది సిలిండరే, ఒక్క పట్టీ చాలన్నా.