ఏడింటిలో మిగిలిందొక్కటే!

భూగర్భ రైలంటే మనకు ఏసీ బోగీలు, వాటంతటవే తెరుచుకునే తలుపులే గుర్తొస్తాయి. అదే సొరంగంలో పొగబండి వెళితే? లండన్‌లో కథ మొదలైందే అలా! మెట్రోపాలిటన్ రైల్వే 1863 జనవరి 10న పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా, దాదాపు ఆరు కిలోమీటర్లు, ఆవిరి ఇంజిన్లతోనే భూగర్భ రైళ్లు నడిపింది. సొరంగంలో ఉక్కిరిబిక్కిరి కాకుండా ఆవిరిని గొట్టాలతో ఇంజిను మీది నీళ్ల ట్యాంకుల్లోకి మళ్లించేవారు. ఆవిరి సరే, పొగ ఎక్కడికి పోతుంది? ప్రయాణికుల మీదికే!

క్రమంగా ఆ లైను నగరం దాటి పల్లెల దాకా పాకింది. రైళ్లు బరువెక్కాయి. దాంతో విక్టోరియా మహారాణి పాలన చివరి ఏళ్లలో, 1896-1901 మధ్య, 'ఇ క్లాస్' పేరుతో ఏడంటే ఏడు కొత్త ఇంజిన్లు తయారయ్యాయి. బొగ్గుకూ నీళ్లకూ వెనక వేరే పెట్టె అక్కర్లేదు, అన్నీ ఇంజిను మీదే. మూడింటిని రైల్వే సొంత వర్క్‌షాపు నీస్‌డెన్‌లో, నాలుగింటిని హాథార్న్ లెస్లీ కంపెనీలో చేశారు. నీస్‌డెన్‌లో 1898లో పూర్తయిన ఇంజినుకు దక్కిన నంబరు... ఒకటి.

1904 జూన్ 30న అక్స్‌బ్రిడ్జ్ లైను ప్రారంభోత్సవ రైలును లాగిన ఘనత దానిదే. ఆ వైభవం మూణ్నాళ్ల ముచ్చటే. 1905 జనవరి 1న అదే లైన్లో కరెంటు రైళ్లు మొదలయ్యాయి! పొగ బెడద తగ్గిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆవిరి ఇంజిన్లు మాత్రం ఊరవతలి లైన్లకూ, సామాన్ల బళ్లకూ, పట్టాల మరమ్మతు పనులకూ పరిమితమైపోయాయి. 1933లో లండన్ ట్రాన్స్‌పోర్ట్ చేతికి వచ్చాక ఒకటో నంబరు కాస్తా 'ఎల్ 44' అయింది. తోటి ఆరూ ఒక్కొక్కటిగా తుక్కు కింద పోయాయి. ఇదీ అదే దారి పట్టేదే. కానీ 1963 శతాబ్ది వేడుకల దాకా పనిలో ఉండటంతో రైలు ప్రేమికుల కంటపడింది. మరుసటి ఏడాది వాళ్లే కొనేశారు.

అసలు మలుపు 2013లో. భూగర్భ రైలు 150వ పుట్టినరోజుకు లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం విరాళాలు సేకరించి మరీ దీన్ని బాగుచేయించింది. జనవరి 13న, నూట పదిహేనేళ్ల వయసులో, 1892 నాటి పెట్టెను వెంటబెట్టుకుని ఈ ముసలి ఇంజిను మూర్‌గేట్ వైపు సొరంగంలోకి దూసుకెళ్లింది. చూడటానికి స్టేషన్ల నిండా జనమే.

ఒకప్పుడు ఏ పొగ వద్దని దాన్ని సొరంగంలోంచి పంపేశారో, ఆ పొగ కోసమే ఆరోజు ప్లాట్‌ఫారాల మీద ఎదురుచూశారు మరి!