ఊపిరితిత్తుల పొర క్యాన్సర్: ఆపరేషన్ కన్నా ముందు స్కాన్

వైద్య సహాయం కోసం మా దగ్గరకు వచ్చే కుటుంబాలు చాలాసార్లు ఆపరేషన్ ఖర్చు రాసిన కాగితం పట్టుకునే వస్తాయి. ఆపరేషన్ అనగానే దాతలూ ముందుకొస్తారు. స్కాన్‌కు డబ్బు కావాలంటే మాత్రం ‘పరీక్షలకేనా?’ అంటారు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్, అంటే మీసోథీలియోమా విషయంలో ముందు స్కాన్‌కే సాయం అందాలని మా అభిప్రాయం.

గోదావరిఖనిలో ఛాతీ జబ్బు అనగానే బొగ్గు దుమ్ము గుర్తొస్తుంది. బొగ్గు దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్ ఊపిరితిత్తి లోపలి జబ్బు. పైపొర క్యాన్సర్‌కు ప్రధాన కారణం ఆస్బెస్టాస్ నార. పాత బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు చుట్టిన లాగింగ్ విప్పినవారు, సిమెంటు రేకులు కోసినవారు, పాతరకం బ్రేక్ లైనింగులు అరగదీసిన మెకానిక్కులు దాన్ని పీల్చి ఉండవచ్చు. (ఇంటిమీద చెక్కుచెదరని రేకు ఉన్నంత మాత్రాన బెంగపడనక్కరలేదు, కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ముతోనే ఎక్కువ ముప్పు.) పీల్చిన 20 నుంచి 50 ఏళ్ళకు గానీ జబ్బు బయటపడదు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్ళు లేదా పని మానాక 15 ఏళ్ళు, ఏది తరువాతైతే అంతవరకు ఉంచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి రిటైరైన మనిషి ఆయాసంతో వస్తే, వయసులో ఏ పని చేశారో డాక్టరుకు చెప్పాలి.

ఎక్స్‌రేలో పొరల మధ్య నీరు కనిపిస్తే మన దగ్గర ముందు టీబీ అనుకుంటారు. చాలామందిలో అది నిజమే. నీరు తీసినా మళ్ళీ మళ్ళీ చేరుతుంటే మాత్రం మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ ఆలస్యం చేయకూడదు. పొర ఎక్కడ గడ్డలు కట్టింది, ఊపిరితిత్తి చుట్టూ ఎంత మేర పట్టింది, లింఫ్ గ్రంథులు ఉబ్బాయా, పొట్ట పైభాగంలోకి దిగిందా అన్నది అందులో తెలుస్తుంది. కొత్త టీఎన్ఎం పద్ధతిలో ఛాతీని పై, మధ్య, కింది భాగాలుగా చూసి, ఒక్కోచోట పొర మందం కొలిచి కలుపుతారు. స్టేజి నిర్ణయంలో ఆ మొత్తానిది పెద్ద పాత్ర.

క్యాన్సర్ అని ఖాయం చేసేది మాత్రం ముక్క తీసి చేసే బయాప్సీ. ఆ తరువాత ఆపరేషన్ ఆలోచన ఉంటే పెట్-సీటీ తీస్తారు. ఎముకల్లోకో, కాలేయంలోకో పాకితే అది నాలుగో స్టేజి. అక్కడ పెద్ద ఆపరేషన్ ప్రసక్తి ఉండదు. పెట్‌లో వెలిగిందల్లా క్యాన్సర్ అనుకోకూడదు. టీబీ ఉన్నా వెలుగుతుంది. నీరు చేరకుండా పొరల మధ్య టాల్క్ పొడి వేయించుకున్నవారిలో ఆ చోటు చాలాకాలం వెలుగుతూనే ఉండవచ్చు. డయాఫ్రం, ఛాతీ గోడ సంగతి సందేహంగా ఉంటే ఎంఆర్ఐ అడుగుతారు. అది అందరికీ అవసరం లేదు.

ఆపరేషన్ మీద తొందర ఎందుకు వద్దంటున్నామంటే, బ్రిటన్‌లో జరిగిన మార్స్-2 పరిశోధన ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. ఆపరేషన్‌కు తగినవారని ఎంచిన రోగుల్లోనే, కీమోతోపాటు పొర తొలగించే పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవారు కీమో మాత్రమే తీసుకున్నవారికన్నా ఎక్కువ కాలం బతకలేదు. పైగా తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువ పడ్డారు.

పెట్ స్కాన్ కోసం ఇక్కడివారు చాలామంది హైదరాబాద్ పోవలసిందే. పరీక్ష రుసుముతోపాటు ఇద్దరి ప్రయాణం, ఒక రాత్రి బస కూడా సాయంలో కలపాలని దాతలను కోరుతున్నాం. వెళ్ళేవారికి పాత ఎక్స్‌రే ఫిల్ములు, సీటీ సీడీ, బయాప్సీ రిపోర్టు ఒకే సంచిలో పెట్టి పంపుతున్నాం. పాత సీడీ పక్కన పెట్టి చూస్తే పొర ఎంత మందమెక్కిందో డాక్టరుకు తెలుస్తుంది.