మందులు వేసుకుంటున్నాడు కదా, ఇంకా ఎందుకిలా?

స్కిజోఫ్రెనియా ఉన్న బిడ్డ కోసం ప్రార్థన చేయించుకోవడానికి వచ్చే తల్లిదండ్రుల నోట మేము తరచుగా వినే మాట ఒకటుంది. "అయ్యగారూ, మందులు వేసుకుంటున్నాడు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడటం తగ్గింది. అయినా ఎన్నిసార్లు చెప్పినా స్నానానికి లేవడు, బజారుకు పంపితే సగం సరుకులే తెస్తాడు. ఇది బద్ధకం కాదంటారా?" సంఘంలో కొందరు అక్కడితో ఆగరు. ఆత్మఫలంలో ఆశానిగ్రహం ఉంది, వాడికి అదే లేదు అని తీర్పు చెప్పేస్తారు.

పౌలు చెప్పిన ఆశానిగ్రహం కోరికలను అదుపులో ఉంచుకోవడం. ఈ జబ్బులో దెబ్బతినే అదుపు వేరు. అదేమిటో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. "ఎరుపు" అనే మాటను ఆకుపచ్చ సిరాతో రాసి, సిరా రంగేమిటో చెప్పమని ఎవరినైనా అడగండి. నోటికి ముందు "ఎరుపు" అనే వస్తుంది. చదివే అలవాటును క్షణం ఆపుకుంటేనే "ఆకుపచ్చ" అనగలం. 1935లో ఈ పరీక్షను వెలుగులోకి తెచ్చిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ రిడ్లీ స్ట్రూప్ వాక్యం బోధించిన మనిషి కూడా. తరువాతి జీవితంలో ఆయన బైబిలు పాఠాలు కూడా చెప్పారు.

అలా ఆపుకోవడంలో నుదుటి వెనకనున్న మెదడు ముందుభాగానికి పెద్ద పాత్ర ఉంది. 1986లో అమెరికాలో డేనియల్ వైన్‌బెర్గర్ బృందం కార్డులను వేరుచేసే పని ఒకటి ఇచ్చి, మెదడులో రక్తప్రసరణను కొలిచింది. ఆ పనిలో నియమం చెప్పకుండా మారిపోతుంటుంది. పాత పద్ధతి వదిలి కొత్తది పట్టుకోవాలి. ఆరోగ్యవంతులలో ముందుభాగానికి రక్తం ఎక్కువగా వెళ్లింది. స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో అంతగా పెరగలేదు. తరువాత ఎమ్మారై స్కానులతో చేసిన ఎన్నో పరిశోధనల్లోనూ ఇలాంటి తేడాయే కనబడింది. అయితే ఇది ఎందరినో కలిపి చూస్తే తేలిన సగటు. ఒక మనిషి స్కాను చూసి ఈ జబ్బు ఉందనో లేదనో చెప్పలేరు కాబట్టి అప్పుచేసి స్కానుల వెంట తిరగనక్కరలేదు.

ఇప్పుడు బజారు సంగతి చూడండి. నూనె, చింతపండు, ఉప్పు అన్న మూడు మాటలు మనసులో పట్టుకోవాలి. దారిలో మైకు మోగినా, తెలిసినవారు పలకరించినా వాటిని జారనివ్వకూడదు. ఒక కొట్లో దొరకకపోతే ఇంకో కొట్టుకు వెళ్లాలని తట్టాలి. మనకు ఇదంతా పనిలాగే అనిపించదు. ఆ బిడ్డకు ప్రతి మెట్టూ బరువే. స్నానమూ అంతే: లేవాలి, తువ్వాలు వెతుక్కోవాలి, నీళ్లు తోడుకోవాలి. దీనికి తోడు పనికి పూనుకునే ఉత్సాహాన్ని కూడా ఈ జబ్బు హరిస్తుంది.

1950ల నుండి వస్తున్న మందులు వినబడే గొంతులను, అనుమానాలను బాగా తగ్గిస్తాయి. ఈ ఇబ్బందిని మాత్రం అంతగా తగ్గించవు. అందుకని మందు పనిచెయ్యడం లేదని మానేస్తే ఆ గొంతులు తిరిగి రావచ్చు. స్వస్థత కోసం ప్రార్థిద్దాం. మాత్రలు ఆపెయ్యమని మాత్రం ఏ దైవసేవకుడూ చెప్పకూడదు. అది డాక్టరు తేల్చవలసిన విషయం, మాది కాదు.

లోపలి అదుపు బలహీనమైనప్పుడు బయటినుండి ఊత ఇవ్వాలి. ఒకసారికి ఒకే పని చెప్పండి. సరుకులు కాగితం మీద రాసివ్వండి. స్నానానికి రోజూ ఒకే వేళ పెట్టి, తువ్వాలు ఒకే మేకుకు తగిలించండి. దెప్పిపొడుపులు ఎక్కువైన ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆయన సహచరులు 1960లలోనే గమనించారు. మన ఉపదేశాలు కూడా ఆ ఇంటివారికి దెప్పిపొడుపుల్లాగే వినబడవచ్చు.

మందిరంలో ఆ అబ్బాయికి చాపలు పరిచే పని ఇవ్వండి. మొదటి కొన్ని వారాలు ఒకరు పక్కనుండి తనతోపాటు పరవాలి. మధ్యలో ఆగిపోతే "తరువాతి చాప ఇక్కడ" అంటే చాలు. ఇంటివారికి సలహా కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.