పొగగొట్టపు పొగ ఎచట వాలును?

రామగుండము, ఇబ్రహీంపట్నము మొదలగు చోట్ల బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రముల పొగగొట్టములు మైళ్ళ దూరమునుండియే కానవచ్చును. ఆ పొగ మన ఊరికి ఎంత చేరును అను ప్రశ్న పరిసర గ్రామస్థులకు కలుగుట సహజము. కేంద్రమును నిర్మింపక పూర్వమే దీనిని లెక్కకట్టు విధాన మొకటి కలదు. దానిని ప్రజలు తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

ఈ లెక్కకు నాలుగు విషయములు కావలయును. గంటకు ఎంత వాయువు, ఎంత ధూళి వెలువడును? పొగ ఎంత ఎత్తునకు లేచును? గాలి ఏ దిక్కునకు, ఎంత వేగముతో వీచును? వాతావరణము కలతగా నున్నదా, నిశ్చలముగా నున్నదా?

కళ్ళములో తూర్పారబట్టునపుడు చేటను ఎంత పైకెత్తిన పొట్టు అంత దూరము పోవును. గాలివాలున నడుమ ఎక్కువగను, ప్రక్కలకు పోను పోను తక్కువగను పడును. పొగయు నిట్లే వ్యాపించునని లెక్కలో భావింతురు.

ఎండవేళ నేల వేడెక్కి గాలి సుడులు తిరుగుటచే పొగ త్వరగా చెదరును. కాని కొంత గొట్టమునకు చేరువనే దిగును. శీతకాలపు రాత్రులందు చల్లగాలి క్రిందను, వెచ్చని గాలి పైనను నిలుచును. అప్పుడు వంటపొగ ఊరిపై దుప్పటివలె పరచుకొనుట మనమెరిగినదే. ఎత్తైన గొట్టపు పొగ ఆ పొరపై నిలిచి, ప్రొద్దెక్కిన పిదప ఒక్కమారుగ నేలకు దిగవచ్చును. 1961లో ఫ్రాంక్ పాస్క్విల్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వాతావరణ స్థితులను ఆరు తరగతులుగా విభజించెను. ఆ విభజన నేటికిని వాడుకలో నున్నది.

పొగ చేరు ఎత్తు రెండింతలైనచో నేలపై దాని గరిష్ఠ సాంద్రత సుమారు నాల్గవ వంతునకు తగ్గును. అందుచేతనే మన దేశమున 500 మెగావాట్ల యూనిట్లకు 275 మీటర్ల గొట్టములు విధింపబడినవి. అయినను ఎత్తు పొగను పలుచజేయునే గాని రూపుమాపదు. దగ్గరి ఊరికి తగ్గినది దూరపు ఊళ్ళకు పంచబడును. బూడిదను పట్టు యంత్రములు, గంధక వాయువును తొలగించు యంత్రములు సరిగా పనిచేయుటయే అసలైన రక్షణ.

ఈ లెక్క ఫలితములు పర్యావరణ నివేదికలో నుండును. 2006 నాటి కేంద్ర ప్రకటన ననుసరించి బహిరంగ విచారణ జరుగుటకు ముందు నివేదిక సంగ్రహమును ప్రాంతీయ భాషలోను ప్రజలకు అందుబాటులో నుంచవలెను. అప్పుడు గ్రామస్థులు ఈ ప్రశ్నలు వేయవచ్చును: గాలిని ఎచట, ఏ ఋతువున కొలిచిరి? ఇప్పటికే యున్న కాలుష్యమును కలిపిరా? పొగ ఎక్కువగా వాలు చోట ఏ ఊరున్నది? యంత్రము చెడిన దినమునకు లెక్క యేది? 2009 నాటి జాతీయ ప్రమాణము ప్రకారము సల్ఫర్ డయాక్సైడ్ వాయువు 24 గంటల సగటున ఘనపు మీటరునకు 80 మైక్రోగ్రాములు మించరాదని గుర్తుంచుకొనవలెను.

లెక్క సగటులను చెప్పును. ఒకనాటి ఉదయము ఏమి జరిగెనో ఊరివారికే తెలియును. కేంద్రము నడచుచుండగా పొగ దిగిన తేదీని, వేళను, గాలి దిక్కును వ్రాసియుంచి కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయుడని మా మనవి. లెక్క సరియైనదో కాదో తేల్చుటకు అట్టి వివరములు ఎంతయు ఉపకరించును.